పాటు చూడని పడవ బేరం

గోదావరి పాయ ఒకటి మడ అడవుల్లో వంకర్లు తిరిగి సముద్రంలోకి పోయే చోట, ఒక కొబ్బరితోటలో పిల్లి ఉండేది. పేరు వీరమ్మ. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గానీ, దాని ధైర్యం చూసి మాత్రం పెట్టలేదని నేను ఒట్టేసి చెప్పగలను. ఆకు రాలితే ఉలిక్కిపడుతుంది. కొబ్బరికాయ రాలితే రెండు రోజులు మంచం కిందనుంచి బయటికి రాదు. ఇక నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. తాగడానికి ముంత దగ్గరికి వెళ్ళినా, ముంత తన మీద పడుతుందేమోనని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుంటుంది.

అలాంటిదానికి దేవుడు చేపల పిచ్చి పెట్టాడు. ఆయన సరదాలు ఆయనవి.

వీరమ్మది మెట్ట ఊరు. యజమాని ఈ తోటకి మకాం మార్చినప్పుడు బండిలో తట్టాబుట్టాతో పాటు ఇదీ, సింహాచలం అనే కోడిపుంజూ, నూకాలు అనే గొర్రే దిగబడ్డాయి. వచ్చి వారమైంది. తోట చుట్టూ ఎత్తుగా మట్టికట్ట. కట్టకి ఇవతల పిల్లకాలవ ఒడ్డున ముగ్గురూ కూర్చుని గాలం వేసుకునేవాళ్ళు. గొర్రెకి చేపలతో పనేంటని మీరు అడగచ్చు. నూకాలుకి పనితో పనిలేదు, మిగతావాళ్ళు కూర్చుంటే తనూ కూర్చుంటుంది.

కట్ట అవతల పాయ ఉంది. వాళ్ళు దాన్ని సరిగ్గా చూడనేలేదు. వాళ్ళకి తెలిసిన నీళ్ళంటే ఊరి చెరువు. చెరువు నీళ్ళు నిన్న ఎక్కడుంటాయో ఇవాళా అక్కడే ఉంటాయి. సముద్రం పక్కన పాయ అలా కాదు. రోజుకి రెండుసార్లు నీళ్ళు పొంగి వస్తాయి, అది పోటు. రెండుసార్లు వెనక్కి పోతాయి, అది పాటు. ఈ ముక్క ఆ ప్రాంతంలో పురుగుకైనా తెలుసు, మన మెట్టవాళ్ళకి తెలీదు. కథంతా అక్కడే ఉంది.

ఒక శనివారం పొద్దున్న సింహాచలం కట్టెక్కి కూసి వచ్చాడు. "ఒసేయ్ వీరమ్మా, పాయ మధ్యలో ఎంతెంత చేపలు ఎగురుతున్నాయో తెలుసా? పండుగప్పలే పండుగప్పలు! ఈ పిల్లకాలవలో వేలెడు పిత్త పరిగెల కోసం ఎన్నాళ్ళు కూర్చుంటాం? ఒక పడవ చూసుకుందాం. వారానికోసారి సరదాగా వెళ్ళొద్దాం."

"పడవా! నీళ్ళ మీదా!" అంది వీరమ్మ.

"కాదు, చెట్టు మీద."

"పండుగప్పలేనా? నువ్వు సరిగ్గా చూశావా?"

"నా తల మీద జుట్టంత ఎర్రటి కళ్ళు!"

వీరమ్మ నోరూరింది. కాళ్ళు వణికాయి. రెండూ ఒకేసారి జరిగాయి. చివరికి నోరే గెలిచింది.

రేవులో రెండు పడవలున్నాయి. మొదటిది నీరుకుక్క గంగరాజుది. చిన్న దోనె, చదునైన అడుగు, ముగ్గురు మోకాళ్ళు ముడుచుకుంటే సరిపోయేంత. గంగరాజు పెద్ద మాటకారి కాదు. "ఎక్కి చూడండి," అన్నాడు.

వీరమ్మ ఒక కాలు పెట్టింది. దోనె అటు ఒరిగింది. రెండో కాలు పెట్టింది. ఇటు ఒరిగింది. అంచు మీంచి చెంచాడు నీళ్ళు ఎగిరి దాని ముంజేతి మీద పడ్డాయి. అది పెట్టిన కేకకి మడ చెట్ల మీద కొంగలన్నీ లేచిపోయాయి.

"అమ్మో! ఇందులో నేను ఎక్కను! ఇది పడవ కాదు, ఉయ్యాల! నన్ను చంపేస్తుంది మావయ్యా!"

"ఊగుతుంది గానీ మునగదమ్మా," అన్నాడు గంగరాజు. "తొందరేం లేదు. మా పాయలో ఒక ఆనవాయితీ ఉంది. పడవ తీసుకునేవాళ్ళు అందులో ఒక పోటూ ఒక పాటూ కూర్చోవాలి. నీళ్ళు వచ్చేదీ పోయేదీ రెండూ చూశాకే బేరం."

ఈ మాట అంటుండగానే పక్కనుంచి తియ్యటి గొంతు వినిపించింది. "ఎండలో ఆడపిల్లని అంతసేపు కూర్చోబెడతావా గంగరాజూ? ఇలా రా అమ్మాయ్."

నక్క తాతబ్బాయి. మెళ్ళో ఎర్ర తువ్వాలు, మొహం నిండా నవ్వు. వెనకాల అతని గూడు పడవ. పైన తాటాకు కప్పు, లోపల బల్లలు, ఇంతలావు పొట్ట. నీళ్ళలో సగం దిగి కదలకుండా మెదలకుండా నిలబడి ఉంది. వీరమ్మ భయంభయంగా ఎక్కింది. ఊగలేదు. నూకాలు ఎక్కింది. ఊగలేదు. సింహాచలం ఎక్కి రెక్కలు టపటపలాడించి ఎగిరెగిరి దూకాడు. అయినా ఊగలేదు.

"ఇదీ పడవంటే!" అన్నాడు సింహాచలం. "అరుగు మీద కూర్చున్నట్టుంది. తాతబ్బాయి గారూ, మీ అభిరుచే వేరండి."

"మీలాంటి పెద్దమనుషుల కోసమే బాబూ," అన్నాడు తాతబ్బాయి. "రేపు ఆదివారం పొద్దున్నే తీసుకెళ్తా. సరదాగా గాలాలేసుకోండి. నచ్చితేనే బేరం మాట. ఇంకా ఎవరైనా చుట్టాలుంటే తీసుకురండి. కోళ్ళూ, బాతులూ, మేకలూ... ఎంతమందినైనా మోస్తుంది."

వీరమ్మకి ప్రాణం కుదుటపడింది గానీ, భయస్తుల కళ్ళు ఊరికే ఉండవు. పడవ పక్కన చెక్క మీద పొడుగ్గా గీతలు కనబడ్డాయి. నాలుగేసి గీతలు ఒక వరస, పైనుంచి కిందికి, నీళ్ళలోకి దిగిపోయాయి.

"ఈ గీతలేంటి బాబాయ్?"

"మడ కొమ్మలు రాసుకున్నాయమ్మా."

"నీళ్ళ లోపలికి కూడా ఉన్నాయే?"

"నీళ్ళలోనూ కొమ్మలుంటాయిగా," అన్నాడు తాతబ్బాయి. తువ్వాలుతో ఆ చోటు తుడిచాడు.

దిగి వస్తుంటే గంగరాజు అడ్డంగా నిలబడ్డాడు. "పాటు చూడకుండా ఆ పడవ ఎక్కకండి. పోయినేడు బాతులు ఎక్కాయి. వెళ్ళడం చూశాను. తిరిగి రావడం చూళ్ళేదు."

వీరమ్మ వెనక్కి తిరిగి గూడు పడవ వైపు చూసింది. సింహాచలం మాత్రం పకపకా నవ్వాడు. "బాతులు ఎగిరిపోయి ఉంటాయి! తన దోనె అమ్ముడుపోదేమోనని పక్కవాడి సరుకు మీద బురద చల్లుతున్నాడు, తెలీటంలా? ఒసేయ్ వీరమ్మా, నీకు మునిగిపోతానని భయమా కాదా?"

"భయమే."

"మరి పెద్దది మునుగుతుందా, చిన్నది మునుగుతుందా?"

"చిన్నదే," అంది వీరమ్మ.

"చిన్నదే," అంది నూకాలు.

అలా తేల్చేశారు. కానీ ఇంటికి పోయాక వీరమ్మకి కునుకు పడితే ఒట్టు. పెద్దదైతే మాత్రం మునగదని రాసిచ్చారా? మునిగితే ఏం పట్టుకోవాలి? తెల్లవారగానే గంగరాజు దగ్గరికి పరిగెత్తింది. "మావయ్యా, నీ దోనె ఒక్క పూట ఇవ్వవా? గూడు పడవ వెనకాల కట్టుకుంటా. నేను ఎక్కను, ఊరికే ఉంటుంది."

గంగరాజు దాని మొహంలోకి చూశాడు. తాడు విప్పి చేతికిచ్చాడు.

దోనెని చూడగానే తాతబ్బాయి నవ్వు ఒక్క క్షణం ఆగింది. "ఇదెందుకమ్మా, బరువు?"

"అది దాని పిరికితనానికి తోక అండీ, ఉండనివ్వండి," అని సింహాచలం వెక్కిరించాడు. నక్క కూడా నవ్వేసి, సరే అన్నాడు. ముగ్గురేనా వచ్చింది అని కొంచెం మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, నూకాలు ఒంటి వైపు చూసుకుని సర్దుకున్నాడు.

పాయ నిండుగా ఉంది. తాతబ్బాయి గెడ వేస్తూ రెండు మలుపులు దాటించాడు. ఇల్లూ తోటా కనబడకుండా పోయాయి. ఒక చోట ఆపి లంగరు వేశాడు. "ఇక్కడ పండుగప్పలు గంపలకొద్దీ ఉంటాయి. మీరు గాలాలేసుకోండి, నేను మంచి ఎర పట్టుకొస్తా," అని ఒడ్డునున్న మడ కొమ్మ అందుకుని, గెడతో సహా చెట్లలోకి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు గంటలూ స్వర్గమే. సింహాచలానికి మూడు కొయ్యంగ చేపలు పడ్డాయి. వీరమ్మ గాలానికి మూరెడు పండుగప్ప తగిలింది. దాన్ని పైకి లాగుతుంటే వీరమ్మ భయపడడం మర్చిపోయింది. జన్మలో అదే మొదటిసారి.

ఆ తర్వాత దాని గాలం బెండు పక్కకి పడుకుంది.

లాగి మళ్ళీ వేసింది. మళ్ళీ పడుకుంది. వీరమ్మ అంచు మీంచి తొంగి చూసింది. వచ్చేటప్పుడు నీళ్ళలో మునిగి ఉన్న మడ వేళ్ళు ఇప్పుడు నల్లగా బయటికి కనబడుతున్నాయి.

"నీళ్ళు తగ్గాయి," అంది.

"మంచిదేగా! మునిగిపోతామన్న బెంగ తీరింది," అన్నాడు సింహాచలం.

నిజమే అనిపించింది. హమ్మయ్య అని వీరమ్మ ఊపిరి కూడా తీసుకుంది. ఇన్నాళ్ళూ నీళ్ళు ఎక్కువవుతాయని భయపడిందే గానీ, నీళ్ళు లేకుండా పోతాయని ఎప్పుడు భయపడింది కనుక!

ఇంతలో పడవ అడుగున జర్రున చప్పుడైంది. పొట్ట దేనికో ఆనింది. చుట్టూ బురద బయటపడుతోంది. బురదలో బుడగలు చిటచిట పేలుతున్నాయి. పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి, వీళ్ళని చూసి మళ్ళీ లోపలికి దూరాయి. కొంగలు అరవడం మానేశాయి. పడవ మెల్లగా ఒక పక్కకి ఒరిగి, బురద మేట మీద దిగబడి, ఇక కదలనంది. నూకాలు జారి సింహాచలం మీద పడింది. సింహాచలం తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు.

మడ చెట్ల నీడలో కళ్ళు కనబడ్డాయి. రెండు. నాలుగు. పది.

తాతబ్బాయి బయటికొచ్చాడు. మెళ్ళో తువ్వాలు లేదు. వెనకాల మరో నాలుగు నక్కలు. తొందరేం లేదు వాళ్ళకి. బురద మీద ఒకరి వెనక ఒకరు నడిచి వస్తున్నారు.

"ఎర దొరికిందా తాతబ్బాయి గారూ?" అన్నాడు సింహాచలం.

"దొరికింది బాబూ," అన్నాడు తాతబ్బాయి. "పడవలోనే ఉంది."

వీరమ్మ కళ్ళు పడవ పక్కకి పోయాయి. నీళ్ళు దిగిపోయిన చెక్క మీద ఆ గీతలు ఇప్పుడు చివరిదాకా కనబడుతున్నాయి. నాలుగేసి గీతలు, వరసలు వరసలు, బురద దాకా. గోళ్ళు. కిందనుంచి పడవలోకి ఎక్కినవాళ్ళ గోళ్ళు. బాతులు ఎక్కడికి పోయాయో దానికి అర్థమైంది.

"వదినా, ఇప్పుడు ఏం చేద్దాం? వదినా!" అని నూకాలు ఏడుపు లంకించుకుంది.

వీరమ్మ వెనక్కి తిరిగింది. పడవ తోకవైపు, మేట దిగువన, జానెడు నీళ్ళు సన్నటి కాలవలా ఇంకా పారుతున్నాయి. ఆ నీళ్ళ మీద గంగరాజు దోనె అటూ ఇటూ ఊగుతోంది.

వీరమ్మ దాన్ని చూసింది. నక్కల్ని చూసింది. మళ్ళీ దోనెని చూసింది. "దిగండి! అందులోకి దిగండి!" అని అరిచింది. ముందు నూకాలుని తోసింది. సింహాచలం తనంతట తనే దూకాడు. వీరమ్మ కళ్ళు మూసుకుని దూకి, తాడు పళ్ళతో కొరికేసింది. దోనె ఊగింది, ఒరిగింది, నీళ్ళు మొహాన కొట్టాయి. మునగలేదు. దోనెలో ఉన్న తెడ్డుతో ఒక్క తోపు తోస్తే ముందుకి సాగింది.

"మలుపు దగ్గరికి పొండిరా!" అని తాతబ్బాయి వెనకవాళ్ళ మీద కేకేశాడు. "అక్కడ కాలవ ఒడ్డుని ఆనుకుని పోతుంది. చేత్తో అందుకోవచ్చు!"

మలుపు ఎదురుగానే కనబడుతోంది. నక్కలు తమకంటే ముందే చేరతారు. ఎంత తోసినా లాభం లేదు.

కానీ భయస్తుల కళ్ళు ఊరికే ఉండవని చెప్పానుగా. నక్కలు వెనక్కి తిరగడం చూసింది. ఒకడి అడుగులో ఒకడు అడుగేస్తున్నారు. పక్కకి ఒక్క కాలు కూడా పెట్టడం లేదు. తన తెడ్డు ఒడ్డు బురదలో పెడితే పిడి దాకా దిగిపోయింది. అంటే గట్టి నేల ఆ ఒక్క దారే. మిగతాదంతా ఊబి.

వీరమ్మ తెడ్డు వేయడం ఆపి, దాన్ని అక్కడే బురదలో గుచ్చి దోనెని ఆనించింది. దోనె ఆగింది. "కదలకండి," అంది పళ్ళ బిగువున. "ఎవరైనా కదిలితే చచ్చామే. ఊపిరి కూడా మెల్లగా తియ్యండి."

తర్వాత గొంతు చించుకుని ఏడుపు మొదలుపెట్టింది. "అయ్యో! ఇది కూడా దిగబడిపోయిందే! నీళ్ళు అయిపోయాయే! సింహాచలం, ఇక మనం బతకమే!"

తాతబ్బాయి ఆగి చూశాడు. బురదదీ బురదనీళ్ళదీ ఒకటే రంగు. చదును అడుగు దోనె వాటి మీద బల్లపరుపుగా, కదలకుండా ఉంది. ఊగితే నీళ్ళలో ఉన్నట్టు, ఊగకపోతే బురదలో ఉన్నట్టు. వీరమ్మ నాలుగు కాళ్ళూ నాలుగు మూలలా బిగించి పట్టుకుంది. నూకాలు వణుకు ఆపుకోలేక వీరమ్మ తోక నోట్లో పెట్టుకుని కరిచింది. తోక తెగిపోయేంత నొప్పి. అయినా వీరమ్మ కదల్లేదు. దోనె కదల్లేదు.

"ఆగండ్రా, మలుపు దాకా ఎందుకు? పది అడుగుల్లో ఉన్నాయి," అన్నాడు తాతబ్బాయి. "గొర్రె నాది. ముందే చెప్తున్నా." అని దారి వదిలి అడ్డంగా దూకాడు.

మొదటి గెంతు బానే పడింది. రెండో గెంతుకి ముందు కాళ్ళు దిగిపోయాయి. లాక్కోబోతే వెనక కాళ్ళు దిగిపోయాయి. గింజుకున్నకొద్దీ పొట్ట దాకా వచ్చింది. "ఒరేయ్, లాగండ్రా నన్ను! తమ్ముళ్ళూ!" అని అరిచాడు. తమ్ముళ్ళు గట్టి నేల మీదనుంచే చూశారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వచ్చిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోయారు.

వీరమ్మ అప్పుడు తెడ్డు తీసింది. దోనె హాయిగా జారి వెళ్తుంటే తాతబ్బాయి నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

కాసేపటికి నీళ్ళ చప్పుడు మారింది. ఇందాక సముద్రం వైపు పోతున్న నీళ్ళు ఆగి, వెనక్కి తిరిగి, మెల్లమెల్లగా పైకి రావడం మొదలుపెట్టాయి. పోటు. తాతబ్బాయికి అదేమిటో తెలుసు. ఆ పాయలో పుట్టినవాడు కదా.

"అమ్మా వీరమ్మా! తల్లీ! నీ బిడ్డలాంటివాణ్ణి! ఆ దోనె ఒక్కసారి ఇటు తే తల్లీ!"

వీరమ్మ వెనక్కి చూసింది. దానికి జాలి వెయ్యలేదంటే అబద్ధం. కానీ జాలి వేసినప్పుడల్లా ఆ గీతలు కళ్ళ ముందుకొచ్చాయి, నాలుగేసి, బురద దాకా.

"ఇందులో ముగ్గురికే చోటు బాబాయ్," అంది. "నీ గూడు పడవ పక్కనే ఉందిగా. ఎంతమందినైనా మోస్తుందన్నావు."

గూడు పడవ నిజంగానే పక్కనే ఉంది. నీళ్ళు పొట్టని తాకాయి, అది మేట మీంచి లేచింది. లంగరు తాడు పొడుగుకీ కొట్టుకుపోయి, అందనంత దూరంలో, ఊగకుండా బెసక్కుండా నిలబడింది. ఆ తర్వాత ఏమైందో చూడ్డానికి వీరమ్మ ఆగలేదు, కాబట్టి నాకూ తెలీదు. ఆ పాయలో ఎర్ర తువ్వాలు వేసుకున్న నక్క మాత్రం మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

రేవులో గంగరాజు నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ అలాగే నిలబడ్డాట్ట. ముగ్గుర్నీ లెక్కపెట్టుకున్నాక కూర్చున్నాడు.

"సింహాచలం, నువ్వేమంటావ్? పెద్దదా, చిన్నదా?" అని అడిగాడు.

సింహాచలం తలొంచుకుని ఈకలు సర్దుకున్నాడు. నూకాలు వీరమ్మ వైపు చూసింది. వీరమ్మ ఇంకా దోనెలోనే కూర్చుని ఉంది, నాలుగు కాళ్ళూ నాలుగు మూలలా బిగించి, తడిసి ముద్దై.

"దిగమ్మా, ఒడ్డుకొచ్చేశాం," అన్నాడు గంగరాజు.

"దిగను మావయ్యా," అంది వీరమ్మ. "ఒక పాటు చూశాను. ఆనవాయితీ ప్రకారం ఈ పోటు కూడా పూర్తిగా కూర్చునే లేస్తా."

నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఏ పడవైనా బాగానే ఉంటుంది, నీళ్ళు వెనక్కి పోయాక కూడా మోసేదే మన పడవ.